ప్లగ్గు లేదు, సౌండు మాత్రం ఊరంతా: బ్యాటరీ బూమ్‌బాక్స్‌ల అసలు లెక్క

(ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలకి ఇది రాతరూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)

ఇయర్‌బడ్స్ ఎపిసోడ్ కింద కామెంట్లలో చాలామంది ఒకటే అడిగారు. చెవిలో పెట్టుకునేవి సరే, పదిమంది కలిసి వినేవాటి సంగతేంటి అని. కొంతమందైతే నేరుగా, బ్యాటరీ మీద నడిచేవాటిలో అన్నిటికంటే గట్టిగా మోగేది ఏదో చెప్పు బ్రో అన్నారు. ఇవాళ దాని గురించే. కానీ ఒక మోడల్ పేరు చెప్పేసి వెళ్ళిపోతే మీకు పెద్ద ఉపయోగం లేదు, ఏడాది తిరక్కుండా ఆ మోడల్ మారిపోతుంది. గట్టిగా మోగడం అంటే ఏంటి, ఆ సౌండు ఎక్కణ్ణుంచి వస్తుంది, డబ్బా మీద రాసిన నంబర్లలో ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు అన్నది తెలిస్తే, ఏ షాపుకి వెళ్ళినా మిమ్మల్ని ఎవరూ బురిడీ కొట్టించలేరు. ఇంకోటి కూడా ఉంది, చెవుల సంగతి. అది వదిలేసి ఈ టాపిక్ మాట్లాడటం నా వల్ల కాదు. దానికి తర్వాత వద్దాం.

అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ల గురించి కాదు నేను మాట్లాడేది. పైన పిడి ఉండి, సూట్‌కేసులా మోసుకెళ్ళే వాటి గురించి. 6, 7 కిలోల నుంచి 15 కిలోల దాకా బరువుంటాయి. యూట్యూబ్‌లో వీటికి ఒక లోకమే ఉంది. పాట కూడా కాదు, ఉత్త బేస్ టోన్ పెట్టి, పక్కనున్న గుండ్రటి రబ్బరు పొర పటపటా కొట్టుకోవడాన్ని స్లో మోషన్‌లో తీస్తారు. లక్షల మంది చూస్తారు. ఆ రబ్బరు పొరని పాసివ్ రేడియేటర్ అంటారు. దానికి కరెంటు వెళ్ళదు. లోపలి స్పీకర్ వెనక్కీ ముందుకీ కదిలినప్పుడు డబ్బాలో గాలి అటూ ఇటూ నెట్టుకుంటుంది కదా, ఆ గాలి తోపుడికి ఇది ఊగి, బేస్‌కి సాయం చేస్తుంది. చూడటానికి భలే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ పొర ఎంత ఊగుతోందో చూసి సౌండు ఎంతో చెప్పలేం.

ఈ పిచ్చికి (ప్రేమగానే అంటున్నా) సొంత ఊరు ఒకటి చెప్పమంటే నేను డెన్మార్క్‌లోని రోస్కిల్డే పేరు చెప్తా. కోపెన్‌హేగన్‌కి పడమర పక్క, రైల్లో అరగంట లోపే. 1971 నుంచి అక్కడ వేసవిలో మ్యూజిక్ ఫెస్టివల్ జరుగుతుంది. ఇప్పుడు లక్ష మందికి పైగా వస్తారు. అసలు స్టేజీల మీద పెద్ద కచేరీలు మొదలవ్వడానికి కొన్ని రోజుల ముందే జనం వచ్చి పొలాల్లో టెంట్లు వేసుకుంటారు. రాత్రీ పగలూ అక్కడే. టెంటు పక్కన ప్లగ్గు పాయింటు ఎక్కణ్ణుంచి వస్తుంది? దాంతో కుర్రాళ్ళు సొంతంగా డబ్బాలు కట్టుకోవడం మొదలుపెట్టారు. ప్లైవుడ్ కోసి, పెద్ద వూఫర్లు బిగించి, లోపల కారు బ్యాటరీలు పెట్టి, కింద చక్రాలు తగిలించి, తోసుకుంటూ తెచ్చేవాళ్ళు. పక్క క్యాంపు వాళ్ళ డబ్బా కంటే మన డబ్బా గట్టిగా మోగాలి. అంతే పోటీ.

ఆ పోటీలోంచే ఒక కంపెనీ పుట్టింది, సౌండ్‌బాక్స్ అని. వాళ్ళ స్పెల్లింగ్ వేరేలా ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఆ ఫెస్టివల్ కోసం స్పీకర్లు కట్టుకున్న డెన్మార్క్ కుర్రాళ్ళే దాన్ని మొదలుపెట్టారు. 2016లో అమెరికాలో వై కాంబినేటర్ అనే స్టార్టప్ ప్రోగ్రామ్‌కి కూడా వెళ్ళొచ్చారు. వాళ్ళ డబ్బా చూస్తే హంగేమీ ఉండదు. చెక్క పెట్టె, మూలలకి దెబ్బ తగలకుండా గట్టి తొడుగులు, 10 అంగుళాల వూఫర్లు రెండు, పైన ఒక చిన్న హారన్, విప్పి మార్చుకునే బ్యాటరీ. బరువు 15 కిలోలు దాటుతుంది. గరిష్ఠంగా 126 డెసిబెల్స్ వస్తుందని కంపెనీ చెప్పుకుంటుంది. ఈ 126 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

అంతకుముందు బూమ్‌బాక్స్ లేదా అంటే, ఎందుకు లేదు? 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్ తెచ్చింది. 1970లలో జపాన్ కంపెనీలు రేడియో, క్యాసెట్, రెండు స్పీకర్లు ఒకే డబ్బాలో పెట్టి ప్రపంచమంతా అమ్మాయి. న్యూయార్క్ వీధుల్లో నల్లజాతి, లాటినో కుర్రాళ్ళు దాన్ని భుజానికెత్తుకుని హిప్‌హాప్‌ని వీధివీధికీ తీసుకెళ్ళారు. స్పైక్ లీ 1989లో తీసిన 'డూ ద రైట్ థింగ్' సినిమాలో రేడియో రహీం అనే పాత్ర దగ్గర ఉండేది అదే. ఆ సినిమాలో అతను పెద్ద టార్చిలైటు సెల్స్ 20 కొనుక్కోవడానికి షాపుకి వెళ్ళే సీను ఉంటుంది. ఒక్కసారికి 20 సెల్స్! ఆ రోజుల్లో సౌండు కొనడం కంటే దాన్ని మేపడం కష్టం.

ఇక మన దగ్గర సంగతి. మనకి బ్యాటరీ సౌండు కొత్త అనుకుంటున్నారా? కొత్త సినిమా విడుదలైందనో, ఎలక్షన్లప్పుడో, వీధుల్లో తిరిగే ఆటో గుర్తుందా? పైన రెండు లోహపు హారన్లు, లోపల 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే చిన్న యాంప్లిఫయర్. ఆటో రెండు వీధుల అవతల ఉండగానే ఏ సినిమానో, ఏ గుర్తో మనకి తెలిసిపోయేది. పెళ్ళి పందిట్లో మైక్ సెట్ కూడా కరెంటు పోతే బ్యాటరీ మీదే నడిచేది. ఆ యాంప్లిఫయర్ ఎన్ని వాట్లు? వేలల్లో ఏమీ ఉండదు, పదుల్లోనే. మరి పదుల వాట్లతో వీధులు దాటి వినపడితే, ఇప్పుడు ఆన్‌లైన్‌లో 5000 వాట్లు అని రాసి అమ్మే డబ్బా పక్క గదికి కూడా సరిగ్గా ఎందుకు వినపడదు? అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది.

సౌండుకి వాట్లు కొలత కాదు. వాట్లు అంటే స్పీకర్ తినే తిండి. తిన్నదాంట్లో ఎంత పని చేస్తుందన్నది వేరే లెక్క. మామూలు స్పీకర్‌కి మీరు 100 వాట్లు ఇస్తే దాంట్లో సౌండుగా మారేది ఒక వాటు, అంతకంటే తక్కువ కూడా. మిగతాదంతా లోపలి కాయిల్‌లో వేడిగా పోతుంది. నిజం. స్పీకర్ అనేది ప్రధానంగా ఒక హీటరు, పక్కపనిగా కొంచెం పాట పాడుతుంది. హారన్ ఆ లెక్క మారుస్తుంది. మీరు మామూలుగా అరవడానికీ, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి అరవడానికీ తేడా ఉంటుంది కదా, అలాగ. గాలిని సరిగ్గా పట్టుకుని, సౌండుని ఒక పక్కకే పంపిస్తుంది. అందుకే ఆటో మీది హారన్ తక్కువ వాట్లతో అంత దూరం వెళ్ళేది. దాంట్లో బేస్ ఉండదు, అది వేరే సంగతి.

ఈ పనితనాన్ని కొలిచే అంకె ఒకటి ఉంది, సెన్సిటివిటీ. ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో నిలబడి కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తున్నాయో అదే. చిన్న బ్లూటూత్ డబ్బాల్లో ఉండే స్పీకర్లకి ఇది 84 చుట్టుపక్కల ఉంటుంది అనుకోండి. స్టేజీ మీద వాడే పెద్ద వూఫర్లకి 98 దాకా ఉండొచ్చు. ఇప్పుడు లెక్క. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. 64 వాట్లు ఇచ్చాం అంటే ఒక వాటుని ఆరుసార్లు రెట్టింపు చేసినట్టు, 18 డెసిబెల్స్ కలుస్తాయి. చిన్నది 102కి చేరింది. పెద్దది 116కి చేరింది. ఇద్దరూ తిన్నది ఒకటే, 64 వాట్లు. ఆ చిన్నదాన్ని కూడా 116కి తీసుకెళ్ళాలంటే దాదాపు 1600 వాట్లు కావాలి. అంత లోపలే అది కాలిపోతుంది. కాబట్టి షాపులో 40 వాట్లదా, 60 వాట్లదా అని కొట్టుకోకండి. ఆ తేడా 2 డెసిబెల్స్ కూడా లేదు, చెవికి కష్టంగా తెలుస్తుంది. మన చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే పది రెట్లు వాట్లు.

ఇంక పీఎంపీఓ అని రాసి 10,000 వాట్లు, 20,000 వాట్లు అని ఉంటే, ఆ అంకెని చూసి నవ్వుకుని పక్కన పెట్టేయండి. దాన్ని ఎలా కొలవాలో చెప్పే పద్ధతి అంటూ ఏదీ లేదు. ఎవరికి తోచింది వాళ్ళు రాసుకుంటారు. ఆర్‌ఎంఎస్ అని రాసింది కొంత నయం.

మరి అందరూ సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్లే పెట్టొచ్చు కదా? పెట్టలేరు. దీని వెనక ఒక మొండి సూత్రం ఉంది. హాఫ్‌మన్ ఐరన్ లా అంటారు. అమెరికాలో స్పీకర్ల కంపెనీల్లో పనిచేసిన ఇంజనీరు పేరు మీద వచ్చింది. సంగతి చాలా సింపుల్. మీకు మూడు కావాలి: చిన్న డబ్బా, లోతైన బేస్, ఎక్కువ సౌండు. మూడింట్లో రెండే తీసుకోండి అంటుంది ఆ సూత్రం. చిన్న డబ్బాలో లోతైన బేస్ కావాలంటే బరువైన కోన్ పెట్టాలి, దాన్ని కదపడానికి వాట్లు తగలెయ్యాలి, సౌండు తగ్గుతుంది. సౌండు, బేస్ రెండూ కావాలంటే డబ్బా పెంచాలి. అందుకే రోస్కిల్డే కుర్రాళ్ళు చక్రాల మీద బీరువాలంత డబ్బాలు తోసుకుంటూ వచ్చింది. వాళ్ళకి తెలివి తక్కువై కాదు. గాలిని కదపాలంటే చోటు కావాలి. సౌండ్‌బాక్స్ లాంటివి ఇంకో పక్క రాజీపడ్డాయి. సౌండు బాగా ఉంచి, గుండెల్లో దడదడలాడే మరీ లోతు బేస్ కొంత వదులుకున్నాయి. జేబీఎల్ బూమ్‌బాక్స్ లాంటివి డబ్బా చిన్నది చేసి, బేస్ ఉంచి, అంత గట్టిదనాన్ని వదులుకున్నాయి. ఏదీ తప్పు కాదు, ఎవరి బేరం వాళ్ళది.

చిన్న డబ్బాలు ఇంకో చమత్కారం చేస్తాయి. తక్కువ వాల్యూమ్‌లో బేస్ అదిరిపోతుంది, వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్ పల్చబడి, పాట పీలగా అయిపోతుంది. మీరూ గమనించే ఉంటారు. పాడైపోయిందని కాదు. లోపలి చిప్పు కోన్ చిరిగిపోకుండా, బ్యాటరీ కుప్పకూలకుండా బేస్ తగ్గించేస్తోంది. షాపులో సగం వాల్యూమ్‌లో వినిపించి అమ్మేది అందుకే.

ఇప్పుడు బ్యాటరీ. నాకు ఈ టాపిక్‌లో బాగా ఇష్టమైన భాగం ఇదే. జేబీఎల్ బూమ్‌బాక్స్ 3 తీసుకోండి, 2022లో వచ్చింది. బ్యాటరీ మీద 136 వాట్లు, 24 గంటలు పాడుతుంది అని కంపెనీ లెక్క. బ్యాటరీ ఎంతది? 72.6 వాట్-అవర్లు. మీ దగ్గరుండే 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ 37 వాట్-అవర్లు, అంటే అలాంటివి రెండు. ఇప్పుడు భాగించండి. 72.6ని 24తో భాగిస్తే ఎంత? 3. మూడు వాట్లు! అంటే 24 గంటలు పాడేటప్పుడు అది సగటున వాడేది మూడు వాట్లే. పోనీ 136 వాట్లు ఆపకుండా లాగితే? అరగంటకి ఖాళీ. కంపెనీ అబద్ధం చెప్పిందా అంటే లేదు. రెండు అంకెలూ నిజమే, కానీ రెండూ ఒకేసారి నిజం కావు. పాట అంటే ఒకటే పోతగా ఉండదు కదా, డప్పు దెబ్బ పడ్డ క్షణంలో వాట్లు ఎగిసి, మళ్ళీ పడిపోతాయి. 136 అన్నది ఆ దెబ్బకి. 24 గంటలన్నది గదిలో మెల్లగా పెట్టుకుంటే. ఏ డబ్బా అయినా మీరు ఇదే భాగహారం చెయ్యొచ్చు. వాట్-అవర్లు రాయకుండా ఎంఏహెచ్ మాత్రమే రాశారంటే వోల్టులు అడగండి, రెండూ గుణించి వెయ్యితో భాగించండి.

పాత డబ్బాలు 20 సెల్స్ మింగితే, ఇప్పటివి ఇంత తక్కువతో ఎలా బతుకుతున్నాయి? రెండు కారణాలు. ఒకటి, లిథియం. రెండోది క్లాస్-డి యాంప్లిఫయర్. పాత యాంప్లిఫయర్ పంపుని సగం తెరిచి పెట్టి నీళ్ళు పంపినట్టు పనిచేసేది, సగం కరెంటు వేడిగానే పోయేది. క్లాస్-డి సెకనుకి లక్షలసార్లు పూర్తిగా తెరిచి, పూర్తిగా మూస్తుంది. బాగా పనిచేసేటప్పుడు వందలో 90 వంతుల దాకా స్పీకర్‌కి చేరుతుంది. వెనక పెద్ద పెద్ద అల్యూమినియం రెక్కలు అక్కర్లేదు.

సొంతంగా కట్టుకునే బ్యాచ్ మన దగ్గరా ఉన్నారు, వాళ్ళ కోసం ఒక్క మాట. ఆన్‌లైన్‌లో టీపీఏ3116 అని చిన్న ఆకుపచ్చ బోర్డు దొరుకుతుంది, 50 వాట్లు రెండు ఛానెళ్ళు అని రాసి ఉంటుంది. దాన్ని తెచ్చి యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల బ్యాటరీకి తగిలించి, 50 వాట్లు వస్తోంది అనుకుంటారు. రాదు. 12 వోల్టుల మీద 4 ఓమ్‌ల స్పీకర్‌కి శుభ్రంగా వచ్చేది 18 వాట్ల లోపే. వోల్టులు రెట్టింపైతే వాట్లు నాలుగింతలు అవుతాయి, అందుకే ఆ 50 కావాలంటే 20 వోల్టులు దాటాలి. బోర్డు మోసం కాదు, మనం పెట్టిన తిండి చాల్లేదు. ఇంకోటి, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి సెల్స్ పీకి, బీఎంఎస్ అనే రక్షణ బోర్డు లేకుండా టేపుతో చుట్టి డబ్బాలో పెట్టకండి. లిథియం-అయాన్ సెల్ ఒకటి వేడెక్కి అంటుకుంటే పక్కవాటిని కూడా అంటిస్తుంది. చుట్టూ చెక్క డబ్బా. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అని ఇంకో రకం ఉంది. అంత తొందరగా అంటుకోదు, ఎక్కువసార్లు ఛార్జ్ అవుతుంది, నాలుగు సెల్స్ కలిపితే సరిగ్గా 12.8 వోల్టులు. సౌండ్‌బాక్స్ వాడేదీ అదే. కొంచెం బరువు, కొంచెం ఖర్చు. దానికీ బీఎంఎస్ ఉండాల్సిందే, కానీ నన్నడిగితే అదే కొనండి.

ఇప్పుడు ఆ 126 దగ్గరికి వద్దాం. అది కొలిచేది మామూలుగా ఒక మీటరు దూరంలో, పైగా గరిష్ఠ క్షణంలో. పాట మొత్తం ఆ స్థాయిలో ఉండదు. సగటు 110 అనుకుందాం. బయట గోడలు లేని మైదానంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. 2 మీటర్లకి 104. 4కి 98. 8కి 92. 16కి 86. 32 మీటర్లకి 80. మైదానం చివరున్నవాడికి హాయిగా ఉంది, డాన్స్ వేసుకుంటున్నాడు. వాడు ఇంకొంచెం పెంచు అని చెయ్యి ఊపుతాడు. కానీ డబ్బా పక్కన నిలబడ్డవాడి సంగతేంటి? ఆ వాల్యూమ్ నొక్కేవాడి చెవి దగ్గర 110 ఉంది.

అమెరికాలో నయోష్ అనే సంస్థ ఉంది, పనిచేసే చోట్ల ఆరోగ్యం చూస్తుంది. వాళ్ళ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగం. 88కి 4 గంటలు. 94కి గంట. 100కి 15 నిమిషాలు. 109 దగ్గరికి వచ్చేసరికి రెండు నిమిషాలు కూడా లేదు. ఒక పాట పల్లవి అయ్యేలోపు ఆ రోజు కోటా అయిపోయింది. గణేశ్ నిమజ్జనం ఊరేగింపులో స్పీకర్లున్న ట్రాక్టరు పక్కనే నడిచేవాళ్ళు ఎంతసేపు నడుస్తారో మీకే తెలుసు. భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకుని మరీ నడుస్తారు.

చెవిలో జరిగేది ఏంటంటే, లోపల నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలో సన్నటి వెంట్రుకల్లాంటి కొసలున్న కణాలుంటాయి, ఒక్కో చెవికి సుమారు 15 వేలు. సౌండుకి అవి గడ్డి పరకల్లా ఊగి, మెదడుకి కబురు పంపుతాయి. గట్టి గాలివానకి గడ్డి పడుకుంటుంది, మర్నాటికి లేస్తుంది. పార్టీ అయ్యాక చెవులు మూసుకుపోయినట్టు, కుయ్‌మని మోగుతున్నట్టు ఉండి, పొద్దున్నకి సర్దుకోవడం అదే. కానీ మళ్ళీ మళ్ళీ తొక్కితే గడ్డి చచ్చిపోతుంది. మనిషికి ఆ కణాలు మళ్ళీ మొలవవు. చర్మం తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఇది మాత్రం లేదు. మొదట పోయేది సన్నని, పై స్థాయి సౌండ్లు. మాటల్లో 'స', 'ఫ' లాంటివి పట్టుబడవు. ఎదుటివాడు మాట్లాడేది వినపడుతుంది, కానీ అర్థం కాదు. కొంతమందికి ఆ కుయ్ మోత ఆగదు, రాత్రి నిద్రలో కూడా.

దీనికి పెద్ద ఖర్చు లేదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొన్ని రూపాయల్లో మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్లో దొరుకుతాయి. సరిగ్గా పెట్టుకుంటే 20 డెసిబెల్స్ పైనే తగ్గిస్తాయి. 110 కాస్తా 90 అయింది, రెండు నిమిషాలు కాస్తా రెండు గంటలు దాటింది. సౌండ్ సిస్టమ్స్ నడిపేవాళ్ళల్లో తెలిసినవాళ్ళు ఇవి జేబులో లేకుండా రారు. ఇంకో ఉపాయం, డబ్బాని గుంపు మధ్యలో పెట్టకండి. ఒక గోడకి ఆనించి, నేల మీద పెట్టి, జనం అయిదారు మీటర్లు ఇవతల ఉండేలా చూడండి. గోడ వల్ల బేస్ ఊరికే పెరుగుతుంది, కరెంటు ఖర్చు లేకుండా. పైగా ఎవరి చెవికీ అది ఆనుకుని ఉండదు. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకుంటే అందాజా తెలుస్తుంది, ఐఫోన్‌కి నయోష్ వాళ్ళదే ఒకటి ఉంది. కానీ మరీ గట్టి సౌండు దగ్గర ఫోన్ మైకులు చేతులెత్తేస్తాయి. యాప్‌లో 100 చూపిస్తే అసలుది ఇంకా ఎక్కువ ఉండొచ్చు.

రూల్స్ సంగతి త్వరగా చెప్పేస్తా. మన దేశంలో 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నియమాలున్నాయి. ఇళ్ళుండే ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే 10 నుంచి పొద్దున 6 దాకా. ప్రైవేటు స్థలంలో సౌండ్ సిస్టమ్ పెడితే, ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితి మీద 5 డెసిబెల్స్ కంటే ఎక్కువ ఉండకూడదు. మనం ఇందాక చూశాం, ఆ డబ్బా 32 మీటర్ల దూరంలో కూడా 80 ఇస్తోంది. ఇంటి మేడ మీద ఫుల్‌గా పెట్టుకుని ఈ రూలు పాటించడం జరగని పని. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు కూడా.

ఇక్కడ నాకు తోచింది ఒకటి చెప్తా. మైక్ సెట్ రోజుల్లో సౌండుకి ఒక యజమాని ఉండేవాడు. ఊళ్ళో ఒకడో ఇద్దరో. రాత్రి ఎక్కువైతే పెద్దాయన ఎవరో వెళ్ళి, ఒరేయ్ తగ్గించరా, లోపల పరీక్షకి చదివే పిల్లలున్నారు అంటే తగ్గించేవాడు. పొద్దున మళ్ళీ అదే ఊళ్ళో తిరగాలి కదా. ఇప్పుడు ప్రతి కుర్రాడి చేతిలో ఒక మైక్ సెట్ ఉంది. పార్కులో నాలుగు గుంపులు, నాలుగు డబ్బాలు, నాలుగు పాటలు. ఎవరి పాటా ఎవరికీ వినపడదు, అందరూ పెంచుతూ పోతారు. రోస్కిల్డేలో అది సరదా, ఎందుకంటే అక్కడికి వచ్చినవాళ్ళంతా దానికోసమే టికెట్టు కొనుక్కుని వచ్చారు. మన అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు మామ్మగారు టికెట్టు కొనలేదు.

సరే, కొనాలనుకునేవాళ్ళకి. ముందు ఎక్కడ వాడతారో తేల్చుకోండి. గదిలో, మేడ మీద పదిమందికి అయితే చిన్న పిడి స్పీకర్ చాలు, గట్టిదనం గురించి ఆలోచించకండి, బేస్ చూసుకోండి. క్రికెట్ గ్రౌండు, పొలం దగ్గర పిక్నిక్, కాలేజీ ఫంక్షన్ లాంటివి అయితే పెద్ద డబ్బా కావాలి, బరువు మొయ్యక తప్పదు. షాపులో మీ ఫోన్లో మీరు బాగా ఎరిగిన పాట పెట్టండి, వాళ్ళ డెమో పాట వద్దు. ఫుల్ వాల్యూమ్ పెట్టించండి, కానీ దగ్గర నిలబడకండి, పది అడుగులు వెనక్కి వెళ్ళి వినండి. గాయకుడి గొంతు చీలుతోందా, బేస్ మాయమైందా చూడండి. బ్యాటరీ మార్చుకోవచ్చా అని అడగండి. లిథియం బ్యాటరీ కొన్నేళ్ళకి నీరసపడుతుంది, అప్పుడు డబ్బా మొత్తం పారెయ్యాలా, బ్యాటరీ ఒక్కటే మారిస్తే చాలా అన్నది వేల రూపాయల తేడా. ఒక పెద్దదానికి బదులు అదే కంపెనీవి చిన్నవి రెండు కొని జత చేసేవి కూడా ఉన్నాయి. రెండూ కలిస్తే పెరిగేది 3 డెసిబెల్సే, బేస్‌లో పక్కపక్కనే పెడితే 6 దాకా. కానీ గ్రౌండుకి చెరో చివర పెట్టొచ్చు, అప్పుడు ఏదీ ఫుల్‌గా మోగాల్సిన పని లేదు. నాకైతే ఆ పద్ధతే నచ్చుతుంది.

వానలో తడిస్తే ఏమవుతుంది, ఆ ఐపీ67 అనే అంకెలకి అర్థమేంటి అని కూడా కొంతమంది అడిగారు. అది ఇంకో పెద్ద కథ, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. మీరు ఎవరైనా సొంతంగా డబ్బా కట్టి ఉంటే ఏ వూఫర్, ఏ బ్యాటరీ, ఎన్ని గంటలు వచ్చిందో కామెంట్లో రాయండి. ఫుల్ వాల్యూమ్ వీడియోలు పంపినా పర్లేదు, నేను ఫోన్ సౌండు తగ్గించుకునే చూస్తా. ఉంటా మరి, బై.